ఉక్కూ ‘కో’... రేవూ ‘కో’!

ఉక్కుకు జపాన్‌ భాషలో ఓ గుర్తు ఉంది. సమాసంలో వచ్చినప్పుడు దాన్ని ‘కో’ అని దీర్ఘం తీసి పలుకుతారు. రేవుకూ ఓ గుర్తు ఉంది. సమాసంలో దాన్నీ ‘కో’ అనే పలుకుతారు. కొండల్లోంచి తవ్వి తెచ్చే ఖనిజానికి ఇంకో గుర్తు ఉంది. అదీ ‘కో’నే! అంటే విశాఖపట్నం గురించి జపాన్‌ భాషలో మూడు ముక్కలు చెప్పాలంటే ‘కో... కో... కో’ అంటే చాలన్నమాట.

చెవికి మూడూ ఒకటే. కంటికి మాత్రం వేటికవే. ఉక్కు గుర్తులో ఎడమపక్క లోహం, కుడిపక్క కొండ. ఖనిజం గుర్తులో ఎడమపక్క అదే లోహం, కుడిపక్క ‘విశాలం’ అనే అర్థమిచ్చే గుర్తు. రేవు గుర్తులో ఎడమపక్క మూడు నీటిచుక్కలు, కుడిపక్క వీధి. నీళ్ల వీధి... రేవు! ఈ గుర్తుల్నే ‘కంజి’ అంటారు. చైనా నుంచి జపాన్‌ అరువు తెచ్చుకున్న లిపి ఇది. జపాన్‌ ప్రభుత్వం నిత్య వ్యవహారానికని 2010లో సవరించి ప్రకటించిన జాబితాలో 2136 కంజిలు ఉన్నాయి. అందులో 1026 ప్రాథమిక పాఠశాల దాటేలోపే పిల్లలు నేర్చేసుకోవాలి. పై మూడూ ఆ పిల్లల పాఠాల్లో ఉన్నవే.

మరి గాజువాకలోనో గోపాలపట్నంలోనో పుట్టి, ఇరవై ఏళ్లొచ్చాక జపాన్‌ భాష మొదలుపెట్టేవాళ్ల సంగతేంటి? వాళ్లకు ఆరేళ్ల బడి ఉండదు. చుట్టూ ఆ అక్షరాలున్న బోర్డులూ ఉండవు. ఉన్నదల్లా జేబులో పట్టేన్ని అట్టముక్కలు!

బాంబుతో మొదలైన పరిచయం

విశాఖకు జపాన్‌ మొదట ఆకాశంలోంచి పరిచయమైంది. 1942 ఏప్రిల్‌ 6న జపాన్‌ యుద్ధవిమానాలు వచ్చి రేవు మీద బాంబులేశాయి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. ఆనాడు పేలకుండా మిగిలిపోయిన ఓ బాంబు బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.

రెండు దశాబ్దాలు తిరక్కుండానే కథ మారింది. జపాన్‌ ఉక్కు మిల్లులకు ఇనుప ఖనిజం కావాల్సొచ్చింది. బైలదిల్లా కొండల్లో అది పుష్కలంగా ఉంది. 1960లో కుదిరిన ఒప్పందం ఫలితంగా జపాన్‌ సాయంతో కొత్తవలస-కిరండోల్‌ రైలుమార్గం వచ్చింది. ఇవాళ అరకు చూడ్డానికి వెళ్లేవాళ్లు సొరంగాలు లెక్కపెట్టుకుంటూ ప్రయాణించేది ఆ పట్టాల మీదే. ఆ ఖనిజం కోసం వచ్చే పెద్ద ఓడల కోసమే 1976లో ఔటర్‌ హార్బరు తెరుచుకుంది. ‘మారు’ అనే తోకతో ఉండే జపాన్‌ ఓడల పేర్లు రేవులో పనిచేసినవాళ్లకు కొత్తేం కాదు. ఆ ‘మారు’ కూడా ఓ కంజి. ‘గుండ్రన’ అని అర్థం. తొమ్మిది అంకె గుర్తు రాసి దానికో చుక్క పెడితే సరి!

తర్వాత ఓడలే కాదు, కంపెనీలూ వచ్చాయి. పరవాడ ఫార్మాసిటీలో ఐసాయ్‌ మందుల సంస్థ, అచ్యుతాపురంలో తొయోతా త్సూషో వారి అరుదైన మృత్తికల కర్మాగారం, 2022లో అక్కడే మొదలైన యొకొహామా వారి టైర్ల ఫ్యాక్టరీ... ఇవన్నీ ఈ తీరానివే. ఇటునుంచి అటు వెళ్లే దారి కూడా కొంత వెడల్పయింది. 2019 ఏప్రిల్‌లో జపాన్‌ ‘నిర్దిష్ట నైపుణ్యం’ ఉన్న విదేశీ కార్మికుల కోసం కొత్త వీసా పెట్టింది. 2021 జనవరిలో దానిమీద మనదేశంతో ఒప్పందం చేసుకుంది. వృద్ధుల సేవ నుంచి ఓడల నిర్మాణం దాకా చాలా పనులకు ఆ వీసా ఇస్తారు. షరతు ఒకటే... పని రావాలి, భాషా రావాలి. జపాన్‌ భాషా సామర్థ్య పరీక్షలో ఎన్‌4 స్థాయి గానీ, దానికి సమానమైన మరో పరీక్ష గానీ గట్టెక్కాలి.

ఎన్‌5, ఎన్‌4, ఎన్‌3... ఇలా ఒకటి దాకా మెట్లుంటాయి. ఏ మెట్టుకు ఎన్ని కంజిలో నిర్వాహకులు ఇప్పుడు ప్రకటించడం లేదు. 2010కి ముందున్న పాత లెక్కల్ని బట్టి మొదటి మెట్టుకు దాదాపు 100, రెండో మెట్టుకు 300, పైమెట్టుకు 2000 అని నేర్చుకునేవాళ్లు అంచనా వేసుకుంటారు. పరీక్ష ఏడాదికి రెండుసార్లే... జులైలో, డిసెంబరులో. కొన్నిచోట్ల ఒక్కసారే. ఒకసారి తప్పితే ఆర్నెల్లో ఏడాదో పోయినట్టే.

రోగం తెలుసు... పేరే తెలీదు!

కంజి రాకపోతే ఏమవుతుందో ఇండొనేషియా నర్సుల్ని అడగాలి. 2008లో ఓ ఒప్పందం కింద వాళ్లు జపాన్‌ ఆసుపత్రులకు వెళ్లారు. అందరూ తమ దేశంలో చదివి, పనిచేసి వచ్చినవాళ్లే. అక్కడ పూర్తిస్థాయి నర్సుగా కొనసాగాలంటే మాత్రం జపాన్‌ భాషలోనే జాతీయ పరీక్ష రాయాలన్నారు. 2009లో 82 మంది రాశారు. పాసైనవాళ్లు... సున్నా! మరుసటి ఏడాది ఫిలిప్పీన్స్‌ నర్సులూ కలిశారు. 254 మంది రాస్తే గట్టెక్కింది ముగ్గురే.

వైద్యం రాకపోవడం వల్ల కాదది. మంచాన పడ్డ రోగికి ఒంటిమీద పడే పుండ్లను జపాన్‌లో ఇళ్లల్లో ‘తోకొజురె’ అంటారు. పరీక్ష పేపర్లో మాత్రం రెండు క్లిష్టమైన కంజిలతో ‘జొకుసో’ అని రాస్తారు. మనదగ్గర పడకపుండు అంటే ఎవరికైనా తెలుస్తుంది, శయ్యావ్రణం అంటే ఆలోచించాలి కదా... అలాగన్నమాట. ఆ పుండ్లకు ఏళ్ల తరబడి కట్లు కట్టిన నర్సు కూడా ఆ మాట దగ్గర ఆగిపోయింది. చివరికి జపాన్‌ ప్రభుత్వమే దిగొచ్చి తర్వాతి ఏళ్లలో కష్టమైన కంజిల పక్కన ఉచ్చారణ ముద్రించడం, సమయం పెంచడం చేసింది.

ఏటా ఎందరో నర్సింగు విద్యార్థులు బయటికొచ్చే విశాఖలో ఈ కథ తెలిసుండటం మంచిది. ‘మూడు నెలల్లో జపాన్‌ భాష’ అనే గోడ ప్రకటన చూసి డబ్బు కట్టేముందు ఇంకా మంచిది.

ఆ వరస మనదే!

అయితే భయపడాల్సినంతా లేదు. తెలుగువాళ్లకు సగం దారి పరిచయమైనదే. జపాన్‌ భాషలో కంజితోపాటు హిరగానా, కతకానా అని రెండు అక్షరమాలలు ఉన్నాయి. చెరో 46 అక్షరాలు. వాటి వరస చూడండి... అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టుంది కదూ! బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం నేర్చుకున్న సిద్ధం లిపి వర్ణక్రమమే దీనికి మూలమని పండితులు చెబుతారు. తొట్లకొండ, బావికొండ ఆరామాల్లో భిక్షువులు వల్లించిన వర్ణక్రమమూ ఆ కుటుంబానిదే. వాక్యంలో క్రియ చివర్న రావడం కూడా మన పద్ధతే. ఇంగ్లిషువాళ్లు తలకిందులుగా నేర్చుకునేదాన్ని మనవాళ్లు నిటారుగా నిలబడే నేర్చుకోవచ్చు.

చిక్కల్లా కంజి ఉచ్చారణతోనే. చాలా గుర్తులకు కనీసం రెండు పలుకుబడులుంటాయి. ఒకటి జపాన్‌ సొంత మాట, రెండోది చైనా నుంచి వచ్చింది. కొండ గుర్తును విడిగా ‘యామా’ అంటారు. ‘ఫుజిసాన్‌’ అన్నప్పుడు అదే గుర్తు ‘సాన్‌’ అయిపోతుంది. పుస్తకాల్లో ఇది చదివి చాలామంది పుస్తకం మూసేస్తారు. నిజానికి విశాఖవాళ్లకు ఇది అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ అర్థం కాదేమో! ఎర్రకొండ, కైలాసగిరి, సింహాచలం... మూడూ కొండలే. తెలుగును కూడా బొమ్మల లిపిలో రాసి ఉంటే మూడు పేర్లలోనూ ఒకే కొండ బొమ్మ ఉండేది. ఓచోట ‘కొండ’ అని, ఓచోట ‘గిరి’ అని, ఇంకోచోట ‘అచలం’ అని చదివేవాళ్లం. ఎలా తెలుస్తుంది? పక్కనున్న మాటను బట్టి! జపాన్‌వాళ్లు చేసేదీ అదే.

అందుకే అనుభవజ్ఞులు ఓ మాట చెబుతారు. ఒక గుర్తుకున్న పలుకుబడులన్నీ జాబితాలా బట్టీ పట్టకూడదు. మాటతో కలిపి నేర్చుకోవాలి. ‘గిరి అంటే కొండ’ అని మనకెవరూ నేర్పలేదు. కైలాసగిరికి వెళ్లాం, తెలిసిపోయింది.

శుభలేఖకు నాలుగు కార్డులు

ఇక అట్టముక్కల దగ్గరికొద్దాం. జపాన్‌లో బడిపిల్లలు చిన్నచిన్న కార్డుల్ని ఓ రింగుకు గుచ్చి బస్సులో, రైల్లో తిప్పుకుంటూ చదువుతుంటారు. దానికి ఖరీదైన సరంజామా అక్కర్లేదు. ఇంట్లో పడున్న పాత పెళ్లి శుభలేఖ అట్టను కత్తిరిస్తే నాలుగు కార్డులొస్తాయి. ఒకవైపు కంజి ఒక్కటే పెద్దగా రాయాలి. రెండోవైపు అర్థం తెలుగులో, ఉచ్చారణ, ఆ గుర్తు వచ్చే మాట ఒకటి. అంతే. ఇరవై సంగతులు కుక్కితే అది కార్డు కాదు, నోట్సు.

అసలు కిటుకు రాయడంలో లేదు, తిప్పడంలో ఉంది. కంజి చూడగానే కార్డు తిప్పేస్తే అది చదవడం. తిప్పకుండా, అర్థం గుర్తొచ్చేదాకా కాసేపు తంటాలు పడితే అది జ్ఞాపకం. ఈ తేడా ఎంత పెద్దదో 2008లో అమెరికాలో కార్పిక్‌, రోడిగర్‌ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. కళాశాల విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిషు అర్థాలు ఇచ్చారు. వచ్చేసిన మాటల్ని కూడా మళ్లీమళ్లీ పరీక్షించుకున్నవాళ్లు వారం తర్వాత దాదాపు 80 శాతం చెప్పగలిగారు. ఒకసారి వచ్చిన మాటను ఇక పరీక్షించుకోవడం మానేసి, ఊరికే చదువుకున్నవాళ్లు సుమారు 35 శాతం దగ్గరే ఆగిపోయారు.

రెండో కిటుకు ఎడం. 1885లోనే ఎబింగ్‌హౌస్‌ అనే జర్మన్‌ పండితుడు అర్థంలేని అక్షరాల గుంపుల్ని తనే బట్టీపట్టి, తనే మర్చిపోయి, ఆ మరుపును గంటల లెక్కన కొలిచాడు. నేర్చుకున్న కొద్దిసేపట్లోనే చాలాభాగం జారిపోతుందనీ, తర్వాత ఆ జారుడు నెమ్మదిస్తుందనీ తేలింది. దాన్ని ఆపే ఉపాయాన్ని 1972లో సెబాస్టియన్‌ లైట్నర్‌ అనే రచయిత చెప్పుల పెట్టెంత తేలిక చేశాడు. పెట్టెలో అయిదు గదులు. కొత్త కార్డులన్నీ మొదటి గదిలో. సరిగ్గా చెబితే రెండో గదిలోకి. మళ్లీ చెబితే మూడోదానికి. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి గదికే... వైకుంఠపాళిలో పాము మింగినట్టు! మొదటి గది రోజూ, రెండోది రోజు విడిచి రోజు, మూడోది నాలుగు రోజులకు, నాలుగోది వారానికి, అయిదోది పక్షానికి ఓసారి చూసుకుంటే చాలు. బాగా వచ్చినవాటి జోలికి అరుదుగా వెళ్తాం. మొండివాటితోనే రోజూ కుస్తీ. అష్టావధానంలో పృచ్ఛకులు మధ్యమధ్య అడ్డుతగులుతున్నా పద్యాల్ని చివర్లో ధారణ చేసే అవధాని కూడా ఈ ఎడం మీదే సాధన చేసుంటాడు, పేరే వేరు.

పెట్టె సర్దుకునే ఓపిక లేనివాళ్లకు సెల్‌ఫోనుంది. ‘అంకీ’ అనే ప్రోగ్రాం ఈ గదుల లెక్కంతా తనే చూసుకుంటుంది. డేమియన్‌ ఎల్మ్స్‌ అనే ఆయన 2006లో దీన్ని విడుదల చేశారు. జపాన్‌ భాషలో ‘అంకి’ అంటే కంఠస్థం అనే అర్థం. కంప్యూటర్లో, ఆండ్రాయిడ్‌ ఫోన్లో ఉచితమే. ఎవరో తయారుచేసిన వేల కార్డులు కూడా దొరుకుతాయి. అక్కడే ప్రమాదం. సొంతంగా రాసుకున్న కార్డులో మన చెయ్యీ, మన కథా ఉంటాయి. దించుకున్నదాంట్లో ఉండవు. మొదటి వంద వరకైనా శుభలేఖ అట్టలే మేలు.

మొదటి ఏడు కార్డులు

ఎక్కడ మొదలుపెట్టాలి? వారంతో! సూర్యుడు, చంద్రుడు, నిప్పు, నీరు, చెట్టు, బంగారం, మన్ను. ఈ ఏడు గుర్తులే జపాన్‌లో ఆదివారం నుంచి శనివారం దాకా. సూర్యుడు ఆదివారం, చంద్రుడు సోమవారం... మనకు తెలిసిందే. మంగళవారం అంగారకుడిది. అంగారమంటే నిప్పు. గురువారం చెట్టు... మర్రిచెట్టు కింద కూర్చున్న గురువును తలుచుకుంటే సరి. శుక్రవారం లక్ష్మీదేవిది కాబట్టి బంగారం. శనైశ్చరుడు మెల్లగా నడుస్తాడు, మన్నులా బరువు. బుధవారం నీటికి మాత్రం కథ ఎవరికివారే కట్టుకోవాలి! ఆ దేశంలో గ్రహాల పేర్లూ ఇవే. శుక్రుడు బంగారు తార, కుజుడు నిప్పు తార.

ఈ ఏడూ వస్తే అవి ఊరికే ఉండవు, పిల్లలు పెడతాయి. చెట్టు పక్కన చెట్టు రాస్తే తోపు. మూడు చెట్లయితే అడవి. సూర్యచంద్రులు పక్కపక్కన నిలబడితే వెలుగు. చెట్టుకు ఆనుకుని మనిషి ఉంటే విశ్రాంతి. మడి పక్కన నిప్పు పెడితే మెట్టచేను! చైనాలో లేని ఈ గుర్తును జపాన్‌వాళ్లే పుట్టించారు. అడవిని కాల్చి సాగుచేసిన నేల అన్నమాట. అరకు, పాడేరు కొండల మీద పోడు చూసినవాళ్లకు ఈ కార్డు రెండోసారి తిప్పే పనుండదు. కొండ రాసి దాని కింద గాలి రాస్తే పెనుగాలివాన. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ కైలాసగిరిని బోడిచేసి వెళ్లడం చూసిన విశాఖవాసికి ఆ గుర్తు మర్చిపోవడమే కష్టం.

ఇలా ప్రతి గుర్తుకూ ఓ కథ అల్లుకోవడాన్ని ఓ పద్ధతిగా మార్చింది జేమ్స్‌ హైసిగ్‌ అనే అమెరికన్‌ ఆచార్యుడు. 1977లో తొలిసారి వచ్చిన ఆయన పుస్తకాన్ని ఇప్పటికీ నేర్చుకునేవాళ్లు చేతపట్టుకుని తిరుగుతారు. అయితే ఆయన మొదటి సంపుటంలో ఉచ్చారణ ఊసే ఉండదు, అర్థమే. రెండువేల గుర్తులకు అర్థం తెలిసి ఒక్క వాక్యమూ బయటికి చదవలేని పరిస్థితి కొందరికి అలా వస్తుంది. ఉద్యోగానికి వెళ్లాలనుకునేవాళ్లు అంత ఓపిక పట్టలేరు. కథ కోసం ఆయన్ని, ఉచ్చారణ కోసం మాటల్ని పట్టుకోవడమే నయం.

తెలుగు చేతికి ఇంకో ఇబ్బందుంది. మన అక్షరాలు గుండ్రం. తాటాకు చిరక్కుండా గంటంతో రాయడం వల్ల అలా తిరిగాయంటారు. కంజి కుంచెతో పుట్టింది. గీతలు, మూలలు, కొక్కేలు. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత... ఇదీ మామూలు వరస. పరీక్షలో చేత్తో రాయించరు, అన్నీ గుర్తుపట్టే ప్రశ్నలే. అయినా ప్రతి కొత్త గుర్తునూ నాలుగైదుసార్లు రాయాల్సిందే. ఎందుకంటే మన్ను గుర్తుకు కింది గీత పొడవు, పైగీత పొట్టి. అదే పైగీత పొడవైతే వీరుడైపోతాడు! మన పిల్లలు ‘మ’కూ ‘య’కూ తికమక పడ్డట్టే. అలాంటి కవలల్ని రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకే కార్డు రాసుకుంటే గొడవుండదు.

రోజుకెన్ని? అయిదు చాలు. నవ్వొస్తుంది గానీ లెక్కేస్తే 100 గుర్తులు 20 రోజులకు, 300 గుర్తులు రెండు నెలలకు. మొత్తం 2136కు దాదాపు 14 నెలలు. ఉత్సాహం కొద్దీ రోజుకు ముప్పై మొదలుపెట్టినవాళ్లు నెల తిరిగేసరికి పాత కార్డుల కుప్ప కింద కూరుకుపోతారు. సంక్రాంతికి ఊరెళ్లి వారం తప్పినా అదే గతి. అప్పుడు చేయాల్సింది ఒకటే... కుప్ప తరిగేదాకా కొత్త కార్డు ముట్టుకోకూడదు.

ఇనుముతో పేచీ

ఉక్కునగరంలో ఉక్కు కార్డు రాసుకున్నవాళ్లు ఇనుము కార్డు దగ్గర కాస్త ఉలిక్కిపడతారు. ఎడమపక్క లోహం... బాగానే ఉంది. కుడిపక్క ఉన్నది ‘పోగొట్టుకోవడం’! పైగా ఆ లోహం గుర్తుకు బంగారం, డబ్బు అనే అర్థాలూ ఉన్నాయి. అంటే ఇనుము రాస్తే ‘డబ్బు పోయె’ అన్నట్టే. రైలుమార్గాన్ని జపాన్‌లో ‘ఇనుప దారి’ అంటారు. 1987లో అక్కడి ప్రభుత్వ రైల్వే ముక్కలై కొత్త కంపెనీలయ్యాక, పేరులోనే ‘డబ్బు పోయె’ ఉండటం వాళ్లకు రుచించలేదు. ఒక్క షికొకు కంపెనీ తప్ప మిగిలినవన్నీ తమ చిహ్నంలో ఓ గీత పొడవు కాస్త తగ్గించేశాయి. దాంతో ‘పోగొట్టుకోవడం’ కాస్తా ‘బాణం’ అయిపోయింది. ఆ కంపెనీల బోర్డు చూసి కంజి నేర్చుకున్న పిల్లాడు బళ్లో అలాగే రాస్తే మార్కు పోతుంది, అది వేరే సంగతి.

జపాన్‌లోని పెద్ద ఉక్కు సంస్థ నిప్పన్‌ స్టీల్‌ కూడా చాలాకాలం ఆ గుర్తు జోలికి పోలేదు. గీతలు ఎక్కువున్న పాతకాలపు ఇనుము గుర్తునే తన పేరులో అట్టిపెట్టుకుంది. 2019 ఏప్రిల్‌లో పేరు మార్చుకున్నప్పుడు మాత్రం బళ్లో నేర్పే మామూలు గుర్తుకే వచ్చేసింది. లోహం పక్కన పోగొట్టుకోవడం! అదే ఏడాది డిసెంబరులో ఆర్సెలార్‌ మిత్తల్‌తో కలిసి ఎస్సార్‌ స్టీల్‌ను కొన్నది. బైలదిల్లా ఖనిజాన్ని గొట్టంలో తెచ్చుకుని ఉండలు కట్టే విశాఖ పెల్లెట్‌ ప్లాంటు కూడా ఆ బేరంలోనే దాని చేతికొచ్చింది.